నిమాయ్ బౌరీ బతికే ఉంది

ఏటా శ్రావణంలో ఒక రోజు కొయలాఘాట్‌లో నిమాయ్ బౌరీ చచ్చిపోతాడు. సరిగ్గా ఆ వేళకి నిమాయ్ బౌరీ ముందు వరసలో గోనెపట్టా పరుచుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మరమరాలు తింటూ ఉంటుంది.

చచ్చేవాడు మగవాడు, తినేది ఆడది, ఇద్దరూ ఒకరే. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకరు ఆ తినే మనిషి, భాదు బౌరీ. రెండోది, ఆమె ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే పాంచీ. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

దామోదర్ నది గని మీద విరుచుకుపడి పందొమ్మిది మందిని మింగిన రోజది. మూతబడిన గని దగ్గర రేకుబోర్డు ఒకటి పాతారు. దాని ముందు నిలబడి అబనీ మాస్టారు పందొమ్మిది పేర్లూ చదువుతాడు. చచ్చినవాడి కళ్ళు చేరడేసి అన్నట్టు, ఏడాదికేడాదికీ వాళ్ళ గుణగణాలు పెరుగుతూ వచ్చాయి. నిమాయ్ గురించి ఎవరికీ ఏమీ తెలియదు కనక అతనికి మరీ ఎక్కువ వచ్చిపడ్డాయి. ఎక్కడో దూరపు పల్లె నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చాడట, తల్లికి ఒక్కడే కొడుకట, వేణువు బాగా వాయించేవాడట. "నాకు వేణువెక్కడిదిరా నాయనా" అని భాదు మరమరాలు నములుతూ గొణుక్కునేది.

అసలు జరిగింది ఇదీ. యుద్ధం రోజుల్లో ఆడవాళ్ళు కూడా గనిలోకి దిగేవారు. యుద్ధం అయిపోగానే సర్కారు ఇక దిగకూడదంది. చట్టం వద్దంది గానీ కడుపు దిగమంది. కూలీల ముఠాని నడిపే హృదయ్ మండల్ సర్దారు దానికో ఉపాయం కనిపెట్టాడు. హాజరు పుస్తకంలో ఆడదానికి మగపేరు రాయించేవాడు. తలకి గుడ్డ చుట్టి, మొహానికింత బొగ్గు పులిమితే ఆ చీకట్లో ఎవరు ఆడ, ఎవరు మగ? గుమాస్తా బాబుకి కావలసింది చేరేటప్పుడు వేలిముద్ర, దిగేటప్పుడు తలల లెక్క, దీపాల గదిలో మనిషికొకటి చొప్పున ఇచ్చిన దీపాల లెక్క. ఆ పుస్తకంలో పాంచీ పేరు కేశబ్. పద్నాలుగేళ్ళ భాదు పేరు నిమాయ్.

ఆ శ్రావణంలో భాదుకి జ్వరం పట్టుకుంది. మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. మూడో రోజు పొద్దున్నే అక్క లేచి, భాదు తలగుడ్డ తీసి తన తలకి చుట్టుకుంది. అక్క పేరు ఖాందీ. ముక్కు చప్పిడిగా ఉందని పుట్టగానే పెట్టిన పేరు. పదిహేడేళ్ళది, గని పైన బొగ్గు ఏరే పనిలో ఉండేది, ఫాల్గుణంలో పెళ్ళి పెట్టుకున్నారు.

"నువ్వు ముసుగు తన్ని పడుకో. నిమాయ్ గాడికి జ్వరం తగ్గిందని చెప్తాలే" అని నవ్వుతూ పోయింది.

మధ్యాహ్నానికి నది గనిలోకి దిగింది. పందొమ్మిది దీపాలు తిరిగి రాలేదు. శవాలూ పైకి రాలేదు, వాటిని తీసే దారీ లేదు.

మర్నాడు పోలీసులకంటే ముందే సర్దారు వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. ఆడపిల్ల గనిలోకి దిగిందని బయటపడితే తను జైలుకి పోతాననీ, తనతో పాటు ఈ వరసలో ఒక్క ఇంటికీ పని ఉండదనీ తండ్రికి చెప్పాడు. తండ్రి గడపమీద కూర్చుని చాలాసేపు నేలకేసి చూశాడు. పోలీసులొచ్చి, ఇంట్లో పెద్దపిల్ల ఏదని అడిగినప్పుడు, "పడవవాడితో నది దాటిపోయింది బాబూ" అన్నాడు. తలుపు చాటునుంచి భాదు ఆ మాట విన్నది. ఆ సాయంత్రమే తండ్రి, నిజం ఎవరికీ చెప్పనని మనసాదేవి ముందు ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ మాట ఊరికి బాగా పనికొచ్చింది. ఆడపిల్ల కాస్త వీధి గుమ్మంలో నిలబడితే చాలు, "ఏమే, ఖాందీలా నది దాటుదామనా?" అని తల్లులు కేకలేసేవారు. ఎవరి పిల్ల లేచిపోయినా "నది దాటింది" అనేవారు. రానురాను ఖాందీ ఎవరో తెలియని వాళ్ళు కూడా ఆ పేరు తిట్టుకి వాడుకోసాగారు. అందరికంటే గట్టిగా వాడింది పాంచీ. ఆ రోజు గనిలోకి తను కూడా వేరే ముఠాతో దిగి, కడుపునొప్పని ముందుగా పైకొచ్చి బతికిపోయిన పాంచీ.

భాదు మాత్రం నోరూ, తట్టా రెండూ దించకుండా బతికింది. ఓ బొగ్గు నరికేవాణ్ణి కట్టుకుంది, అతను ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకుని ముందే పోయాడు. పిల్లల్లేరు. తమ్ముడి కొడుకునే పెంచుకుంది. సొంత పేరుతో రైలు సైడింగులో బొగ్గు వ్యాగన్లు నింపే పనిలో చేరి, ముప్ఫయ్యేళ్ళు నింపింది. ఆడవాళ్ళు తమ ఉద్యోగం ఇంట్లో మగవాడికి రాసిచ్చేస్తే మంచిదని పైవాళ్ళు ఒకప్పుడు కాగితాలు పంచారు. వరసంతా వేలిముద్రలు వేసింది. గుమాస్తా భాదు దగ్గరకొచ్చి, "నీ తమ్ముడి కొడుకు పేరు వేసుకోనా?" అన్నాడు.

"వాడికి నడుముందా?"

"ఉంటుంది కదా."

"అయితే వాడే వచ్చి అడుక్కుంటాడు ఉద్యోగం. నా నడుం ఇంకా నా దగ్గరే ఉంది. ఒకసారి మగపేరు మీద పని చేసి చూశాను, అచ్చిరాలేదు."

ఆఖరి మాట గుమాస్తాకి అర్థం కాలేదు. పొగరనుకుని వెళ్ళిపోయాడు.

ఇంత నోరున్న మనిషి అక్క విషయంలో ఎందుకు నోరు మూసుకుంది? భయపడింది. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది, దాచుకోదు. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఒట్టుకి భయపడింది. తండ్రి పోయాక, దొంగపేరుతో పనిచేసిందని తెలిస్తే ఉన్న పని ఊడుతుందని భయపడింది. సైడింగులో ఎవరిని ఉంచాలో, ఎవరిని తీయాలో చెప్పేది సర్దారు కొడుకే మరి. భయపడుతూ భయపడుతూ నలభై అయిదేళ్ళు గడిపింది. ఈ చైత్రంలో రిటైరైంది. ఇక ఊడపీకడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

తమ్ముడి మనవరాలు ఝుమా అవతలి గట్టున నర్సు చదువు చదువుతోంది. రోజూ పడవెక్కి నిజంగానే నది దాటుతుంది. రేవులో బీడీలు కాల్చే పనిలేని వెధవలకి అంతకంటే ఏం కావాలి? "ఖాందీ రక్తం కదా, ఎన్నాళ్ళు వెనక్కొస్తుందో చూద్దాం" అని వినేలా అంటారు. జ్యేష్ఠంలో ఒక రోజు ఝుమా ఇంటికొచ్చి పుస్తకాలు మంచమ్మీద పడేసి, "అసలు ఎవరమ్మమ్మా ఈ ఖాందీ?" అని అడిగింది. చచ్చిపోయిన పిల్లని సొంత ఇంట్లో పిల్ల కూడా ఎరగదు. ఆ రోజు భాదు చద్దన్నం ముందు కూర్చుని కూడా తినలేకపోయింది.

ఆషాఢంలో కబురొచ్చింది. పాత గనులంటే ఇష్టమున్న కలకత్తా వాళ్ళు బస్సేసుకుని కొయలాఘాట్ చూడటానికి వస్తున్నారట. రేకుబోర్డు తీసేసి పాలరాయి వేయిస్తారట. రేకైతే నాలుగు వానలకి తుప్పుపట్టి ఊడిపోతుంది. రాయి మీద పడ్డ అబద్ధం ఝుమా మనవలు కూడా చదువుతారు. భాదు చీర దులుపుకుని అబనీ మాస్టారి ఇంటికి వెళ్ళింది.

"మాస్టర్‌మొశాయ్, రాతి మీద నిమాయ్ పేరు వద్దు. ఖాందీ పేరు వేయించండి."

"ఏ ఖాందీ?"

"మా అక్క."

"ఆ... నది..." అని మాస్టారు నాలిక కరుచుకున్నాడు.

భాదు గుమ్మంలోనే గొంతుక్కూర్చుని మొత్తం చెప్పింది. మాస్టారు చెడ్డవాడు కాడు. విన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తర్వాత నీళ్ళు నమిలాడు.

"నువ్వు చెప్పింది అబద్ధమని నేననను, భాదు. కానీ దేనికైనా ఆధారం ఉండాలి కదా. పుస్తకంలో నిమాయ్ అని ఉంది. పైగా సభకి అధ్యక్షుడు తారాపద. వాళ్ళ తాత సర్దారు పేరు బజార్న పడుతుందంటే ఊరుకుంటాడా?"

"మా అక్క పేరు నలభై అయిదేళ్ళు బజార్న పడి ఉంటే అందరూ ఊరుకున్నారుగా."

"రాయి చెక్కడం కూడా అయిపోయింది" అన్నాడు మాస్టారు చిన్నగా.

సర్దారు మనవడు తారాపద ఇప్పుడు పంచాయతీ మెంబరు. సంగతి ఆ సాయంత్రానికే అతని చెవిన పడింది. మర్నాడు మోటారుసైకిలు భాదు గుమ్మం ముందు ఆపి, దిగకుండానే మాట్లాడాడు.

"పిసి, ఝుమాకి ఆసుపత్రిలో ఉద్యోగం కావాలంటే రేపు నా ఉత్తరం కావాలి. పాత పుండు గోకితే ఎవరికి నొప్పి?"

మేనత్త వరసతో పిలిచాడు కనక భాదు కూడా మేనత్తలాగే బదులిచ్చింది. "పుండు నాది, గోరు నాది. నీకెందుకురా దురద? తాటాకు చప్పుళ్ళు సైడింగులో ముప్ఫయ్యేళ్ళు విన్నాను. పో, బండి పెట్రోలు తాగుతోంది."

అన్నదే గానీ, అతను పోయాక ఝుమా ఉద్యోగం ఏమవుతుందోనని బెంగపడింది. అయినా ఝుమాకి చెప్పింది. ఝుమా జడ అల్లుకుంటూ, "వాడి ఉత్తరంతో వచ్చే ఉద్యోగం నాకెందుకులే అమ్మమ్మా" అంది. దాంతో భాదుకి మిగిలిన ఒక్క బెరుకూ పోయింది.

శ్రావణంలో ఆ రోజు వచ్చింది. సన్నగా జల్లు పడుతోంది. టార్పాలిన్ పందిరి కింద కలకత్తా వాళ్ళు ముప్ఫై మంది, మెడల్లో కెమెరాలు, చేతుల్లో గొడుగులు. వాళ్ళకి పెద్దగా ఉన్నది నందిత అనే ఆమె, కాలేజీలో చరిత్ర చెబుతుందట. కంపెనీ పాత కొట్టులో చెదలకి మిగిలిన హాజరు పుస్తకం ఒకటి ఆమెకి దొరికింది. దాన్ని గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టి, తడవకుండా పైన గాజుపలక కప్పారు. పక్కనే కొత్త పాలరాయి, దానికి జేగురు రంగు గుడ్డ. రాయి చెక్కిన ఇద్రిస్ మిస్త్రీ ఒక పక్కగా సంచి పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడన్నా అంచు ఊడితే సరిచేయడానికి.

తారాపద మాట్లాడాడు. తన తాత కూలీలకి కన్నతండ్రి అన్నాడు. గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు. మాస్టారు పేర్లు మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకీ జనం తల వంచుతున్నారు. పదకొండోది వచ్చింది.

"నిమాయ్ బౌరీ."

"హాజర్ బాబూ" అని ముందు వరసలోంచి వినబడింది.

వెనకెవరో కిసుక్కున నవ్వారు. భాదు గోనెపట్టా మీద నుంచి లేచి నిలబడింది.

"కూర్చో పిసి, తమాషాలకి వేళ కాదిది" అన్నాడు తారాపద.

"నలభై అయిదేళ్ళుగా కూర్చునే ఉన్నాను. నడుం పట్టేసింది" అంది భాదు. "అమ్మా కలకత్తా తల్లీ, బతికున్న మనిషిని రాతిమీదికెక్కించడం మీ శాస్త్రంలో ఉందా? నిమాయ్‌ని నేనే."

నందిత మాస్టారి వంక చూసింది. మాస్టారు తన కాగితం వంక చూశాడు.

"ఆ పుస్తకంలో నిమాయ్ వేలిముద్ర ఉంటుంది చూడు" అని భాదు ఎడమ బొటనవేలు పైకెత్తింది. "ఏడేళ్ళప్పుడు కొడవలి తగిలి, ఈ మూల నుంచి ఆ మూలకి కోసుకుపోయింది. వేలు కంపెనీది కాదు, నాది. దాంతో పాటు గాటూ నాదే."

నందిత గాజుపలక తీసి, పేజీలు జాగ్రత్తగా తిప్పి, భూతద్దం పెట్టింది. ఆమె స్టాంపుప్యాడు తెప్పించి భాదు చేత తెల్లకాగితం మీద ముద్ర వేయించింది. రెండూ పక్కపక్కన పెట్టి, ఇటు చూసింది, అటు చూసింది.

"గాటు ఉంది. రెండింట్లోనూ ఏటవాలుగా ఒకే చోట తెల్లగీత" అంది.

జనం గుసగుసలాడారు. భాదుకి ఒళ్ళంతా తేలికైంది. తారాపద తెలివైనవాడు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వెంటనే మొహం వెలిగించుకున్నాడు.

"ఎంత సంతోషం. చనిపోయాడనుకున్న మనిషి మన మధ్యే ఉంది. మాస్టారూ, ఆ పేరు కొట్టేయించండి. ఇకనుంచి మన అమరులు పద్దెనిమిది మంది. పిసికి ఒక దండ వేయండి."

కొందరు నిజంగానే చప్పట్లు కొట్టారు. ఎవరో దండ కూడా తెచ్చారు. భాదుకి అప్పుడు తెలిసొచ్చింది. తను బతికున్నానని చెప్పి అక్కని ఇంకోసారి చంపేసింది. ఇన్నాళ్ళూ దొంగపేరుతోనైనా అక్క ఆ వరసలో ఉంది. ఇప్పుడు ఆ చోటూ పోయేలా ఉంది. దండ పట్టుకొచ్చిన చేతిని ఆమె తోసేసింది.

"దీపాలెన్ని?" అని అరిచింది.

"ఏ దీపాలు?"

"తల్లీ, ఆ రోజు పేజీ కింద దీపాల గది బాబు లెక్క రాసి ఉంటాడు. తిరిగి రానివి ఎన్నో చదువు."

నందిత వేలు పెట్టి వెతికింది. "పందొమ్మిది."

"నిమాయ్ దీపం వచ్చిందా?"

"లేదు. రాలేదు."

"నిమాయ్ ఇక్కడే ఉన్నాడు. వాడి దీపం కిందుంది. దీపం దానంతటది నడుచుకుంటూ గనిలోకి దిగదు కదా. దాన్ని ఎవరు పట్టుకెళ్ళారు? నాకు జ్వరమొస్తే నా బదులు దిగింది మా అక్క. ఖాందీ."

ఆ పేరు వినగానే నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. "నది దాటిన ఖాందీయా?" అన్నారెవరో.

"అది దాటింది నది. సాక్షాత్తూ కన్నతండ్రే పోలీసులకి చెప్పాడు, ఊరందరికీ తెలుసు" అన్నాడు తారాపద. "దీపం ఎక్కడో పడిపోయుంటుంది. ఆమె దిగడం చూసినవాళ్ళెవరు?"

చూసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆమె పందిరి గుంజకి ఆనుకుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, తలొంచుకుని మరమరాలు ఏరుకుంటోంది. ఆమె కొడుకు తారాపద కింద పంపుహౌసులో పని చేస్తున్నాడు. భాదు ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఏమే పాంచీ. నలభై అయిదేళ్ళుగా మా అక్కని తిట్టడానికి నీ నోరు బాగా తిరిగింది. ఇప్పుడేమైంది, మరమరాలు అడ్డం పడ్డాయా?"

పాంచీ గిన్నెలోంచి ఇంకో మరమరం ఏరింది.

"నువ్వు కేశబ్‌వి. ఆ రోజు గనిలోకి దించే బోనులో దిగావు. నేను లేను, నువ్వున్నావు. చెప్పకపోతే చెప్పకు. రేపు నువ్వు పోయాక ఈ సంగతి చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. నేనూ పోయాక ఎవరూ ఉండరు."

పాంచీ గిన్నె కింద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, విసుక్కుంటూ మెల్లగా లేచింది.

"అరవకు. నాకు చెవుడు లేదు" అంది. తర్వాత భాదుకేసి చూడకుండా, పందిరి కింద వాళ్ళకేసి చూడకుండా, గని వైపు తిరిగి చెప్పింది. "బోనులో నా ముందు నిలబడింది. కిందకి దిగేటప్పుడు కుదుపుకి నా కాలు తొక్కింది. చప్పిడిముక్కుదానా, కళ్ళు కనబడవా, చావు అన్నాను. అది నవ్వింది. ఇంకేమీ అనలేదు. నేను కడుపునొప్పని ముందే పైకొచ్చాను, అది రాలేదు. నది దాటిందని మీ నాన్న అన్నప్పుడు, పోనీలే, దాటే ఉంటుంది అనుకున్నాను. దాటిందని నలుగురికీ చెప్పి చెప్పి, నేనే నమ్ముదామని చూశాను."

పాంచీ కొడుకు పందిరి అవతల తల పట్టుకున్నాడు. పాంచీ మళ్ళీ కూర్చుంది, గిన్నె మాత్రం ముట్టుకోలేదు. భాదుకి ఆమె మీద ఇన్నేళ్ళ కోపం ఎక్కడికీ పోలేదు గానీ, ఆ క్షణంలో ఆమె పక్కన కూర్చుని ఏడవాలనిపించింది. ఏడవలేదు, పని ఇంకా అవలేదు.

కళ్ళు తుడుచుకుంటున్నది నందిత. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తారాపదకి దారి మూసుకుపోయింది. అయినా ఆఖరి ప్రయత్నంగా మెత్తగా చెప్పాడు.

"సరే పిసి, నీ మాటే ఉండనీ. ఎవరి మనసూ నొచ్చుకోకుండా, రాయి పాడవకుండా, నిమాయ్ బౌరీ పక్కన ఉరఫ్ ఖాందీ అని చిన్న అక్షరాల్లో వేయిద్దాం. తాత పేరు ఎక్కడా రానక్కర్లేదు."

"బాగుంది" అన్నాడు మాస్టారు, గండం గడిచినట్టు.

"బాగాలేదు" అంది భాదు. "ఉరఫ్‌లు దొంగలకి పెడతారు, పోలీసు స్టేషన్లో. మా అక్క దొంగ కాదు. దొంగపేరు పెట్టింది మీ తాత. నీ తాత పేరు రాతి మీద నేను అడగలేదు, నువ్వే భుజాలు తడుముకుంటున్నావు. మా అక్క నది దాటలేదురా. నదే మా అక్క మీదికొచ్చింది. పెద్ద అక్షరాల్లో వెయ్యాలి, అందరికీ ఎంత పెద్దవో అంత పెద్దవి."

తారాపద మాస్టారికేసి చూశాడు. మాస్టారు ఈసారి నీళ్ళు నమల్లేదు. "ఇద్రిస్, రా" అని పిలిచాడు. తారాపద కండువా సర్దుకుని, ఎవరో పిలిచినట్టు మోటారుసైకిలు వైపు వెళ్ళాడు.

ఇద్రిస్ మిస్త్రీ రాతి ముందు గొంతుక్కూర్చుని, పదకొండో వరస మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"పాత పేరు అరగదీస్తే ఈ చోట రాయి లోపలికి పోతుంది, దీదీ. గుంటలా కనిపిస్తుంది."

"కనిపించనీ. చూసినవాళ్ళు ఎందుకని అడుగుతారు. అడిగితే చెబుదాం."

ఇద్రిస్ అరగదీయడం మొదలుపెట్టాడు. తెల్లటి పొడి జల్లుకి తడిసి పాలలా కారింది. కలకత్తా వాళ్ళు కెమెరాలు ఎత్తారు, నందిత వద్దని చెయ్యి ఊపింది. భాదుకి చదువు రాదు. ఒక్కో అక్షరం పడుతుంటే ఝుమా పక్కనే నిలబడి అదేమిటో చెప్పింది. మాస్టారికి తప్పులు పట్టే అవసరం రాలేదు.

పేరు అయ్యాక ఇద్రిస్ ఉలి ఆపాడు.

"అందరికీ పేరు పక్కన తండ్రి పేరు ఉంది. మీ నాన్న పేరేంటి దీదీ?"

భాదుకి గడపమీద కూర్చుని నేలకేసి చూసిన తండ్రి గుర్తొచ్చాడు. పాపం, తిలాపాపం తలా పిడికెడు, అందులో ఆయన పిడికిలి ఒకటి. ఆయన్ని ఆమె ఎప్పుడో క్షమించింది. కానీ క్షమించడం వేరు, ఇది వేరు.

"ఆయన పోలీసుల ముందు ఈ కూతురు నాది కాదన్నంత పని చేశాడు. ఇప్పుడు తెచ్చి ఆయనకి అంటగట్టకు."

"మరి ఏం వెయ్యను? ఖాళీగా వదలనా?"

"వదలకు. భాదు బౌరీ అక్క అని వెయ్యి."

"అలా ఎక్కడా రాయరు, భాదు" అన్నాడు మాస్టారు, అడ్డు చెప్పడానికి కాదు, అలవాటు కొద్దీ.

"ఇక్కడ రాస్తారు."

ఇద్రిస్ మాస్టారి వైపు చూడలేదు. రాతి మీద బొగ్గుముక్కతో గీత గీసుకున్నాడు. వాన కాస్త పెరిగింది. భాదు పక్కనున్న ఎవరి చేతిలోంచో గొడుగు లాక్కుని, మిస్త్రీ చేతులు తడవకుండా పైన పట్టుకుని నిలబడింది.